ఉంగరం లేని చుట్ట

మగవాళ్ళు మహా ముఖ్యమనుకునే పనుల్లో పొగ తాగడం ఒకటి, తాగిన పొగ గురించి మాట్లాడుకోవడం ఇంకొకటి. మొదటిదానికి గంట పడితే రెండోదానికి పూట పడుతుందని పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో తేలిపోయింది.

నాకు ముందుతరం నవలల్లో హీరోగారు సిగరెట్ వెలిగించకుండా ఒక్క నిర్ణయమూ తీసుకునేవాడు కాదు. ప్రేమించాలన్నా, త్యాగం చెయ్యాలన్నా, ఆస్తంతా తమ్ముడి పేర రాసిచ్చెయ్యాలన్నా ముందు పొగ రింగులు రింగులుగా వదలాల్సిందే. ఆ రింగుల్లోంచి హీరోయిన్‌కి అతని విషాదమైన కళ్ళు కనిపించేవి. చదివి మనమూ నిట్టూర్చేవాళ్ళం. ఆ యాష్‌ట్రే తర్వాత ఎవరు కడిగారో మాత్రం ఏ నవలలోనూ నేను చదవలేదు. నా నవలల్లో హీరోలు పొగ తాగరు. తాగితే ఆ సంగతి కూడా రాయాల్సొస్తుందని.

సరే, అసలు విషయానికొస్తాను. మా మరిది న్యూజెర్సీ నుంచి వచ్చాడు. పిల్లలకి చాక్లెట్లు, నాకో హ్యాండ్‌బ్యాగు, వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులకి రాసుకునే క్రీము తెచ్చాడు. వాళ్ళన్నయ్యకి మాత్రం పెట్టె అడుగునుంచి, చొక్కాల మధ్యనుంచి, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచిన ఒకే ఒక్క చుట్ట తీసి ఇచ్చాడు.

"చుట్టా?" అన్నాను.

"చుట్ట కాదు వదినా, సిగార్," అన్నాడు నొచ్చుకుంటూ.

నేనేం మాట్లాడలేదు గానీ, ఇంగ్లీషువాళ్ళు చెరూట్ అని గొప్పగా పలికే మాట తమిళుల సురుట్టు లోంచి పోయిందే. మన చుట్ట దానికి అక్కో చెల్లెలో అవుతుంది. అమెరికా వెళ్ళొచ్చినంత మాత్రాన చుట్టరికం పోతుందా?

సిగార్‌కి నడుం దగ్గర ఓ కాగితపు ఉంగరం ఉంటుంది, చూసే ఉంటారు. కులగోత్రాలన్నీ దాని మీదే. ఏ కంపెనీ, ఏ దేశం, ఎంత గొప్పది అన్నీ ఆ ఉంగరం చెప్పాలి. దీనికి ఆ ఉంగరం లేదు. ఆఫీసులో పెద్దాయనెవరో ఇచ్చారట. చాలా మంచిదన్నారట. పేరు ఆయన చెప్పలేదు, మావాడు అడగలేదు.

మావారు సిగరెట్లు మానేసి ఎనిమిదేళ్ళయింది. మానేశారంటే నేను మానిపించాను. ఆ చుట్ట వంక ఆయన చూసిన చూపు, పెళ్ళిలో షుగరు పేషెంటు జాంగ్రీ వంక చూసే చూపు. "నేను తాగనులేవోయ్, ఊరికే వాసన చూస్తాను," అన్నారు నాకేసి ఓరగా చూస్తూ. అలా ఓ పరిశోధక సంఘం ఏర్పడింది. మావారు, మరిది, పండక్కి వచ్చిన మా పెదమావయ్యగారు. ఆయనకి ఎనభై రెండేళ్ళు. ఒంగోలు వైపు చాలాకాలం పొగాకు వ్యాపారం చేశారు. అత్తగారిని ఎవరూ పిలవలేదు, ఆవిడే కందిపప్పు చేట పట్టుకుని దాబా మీదకి వచ్చి ఓ మూల కూర్చున్నారు. నేను కాఫీలతో వచ్చి నిలబడిపోయాను.

ముందు కొలతలు. పొడవు ఐదంగుళాలు. లావుకి వేరే లెక్క ఉందట. అంగుళాన్ని 64 భాగాలు చేసి, అందులో ఎన్ని భాగాలో చెబుతారట. ఇది 50. అంటే ముప్పావు అంగుళం కన్నా కాస్త ఎక్కువ. నా లెక్కలో అప్పడాలకర్ర పిడంత. తర్వాత కట్టు. లోపల కూరిన ఆకు, దాన్ని బిగించి పట్టే ఆకు, పైన కనిపించే ఆకు, మొత్తం మూడు. మనకీ లంగా, జాకెట్టు, చీర ఉన్నట్టే. చీర ఖరీదే ఎక్కువన్నట్టు అక్కడా పైఆకుదే ధరంతా. ఈనెలు కనపడకూడదు, మచ్చ ఉండకూడదు. కనెక్టికట్ అనే చోట ఆ ఆకు కోసం పొలమంతా గుడ్డపందిరి వేసి, ఎండ నేరుగా తగలకుండా పెంచుతారని మరిది చెప్పాడు. పెళ్ళీడు పిల్లని పెంచినట్టు పెంచి, ఆఖరికి నిప్పంటిస్తారన్నమాట.

తర్వాత వాసన. మరిది కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, వేదం చదివినట్టు చెప్పాడు. "లెదరు... సెడారు చెక్క... కొంచెం కోకో..."

"తోలు వాసన నీకెలా తెలుసురా? చెప్పులు నమిలావా?" అన్నారు అత్తగారు పప్పులో రాళ్ళేరుతూ.

"అమ్మా, సిగార్ని అలాగే చెబుతారు."

"ఏదీ, ఇలా తే."

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని అందుకున్నారు. ఓసారి ఈ చివర, ఓసారి ఆ చివర వాసన చూశారు. "పాత బీరువా. ఎండుద్రాక్ష డబ్బా అడుగున మిగిలే వాసన. తొలకరి వానకి పశువుల కొట్టం. పసిపిల్లాడి పక్కబట్టల వాసన మాత్రం లేదు. మీ నాన్న తాగేవాటిల్లో అది ఉండేది," అని చుట్ట తిరిగిచ్చి మళ్ళీ పప్పులో పడ్డారు.

మావారూ మరిదీ నవ్వారు. పెదమావయ్యగారు నవ్వలేదు. కుర్చీలో ముందుకి వంగి, "ఏమన్నావమ్మా?" అన్నారు.

ఆయన చెబితే మాకు తెలిసింది. చుట్టకి పనికొచ్చే ఆకుని ఆరబెట్టాక దొంతర్లుగా పేర్చి మగ్గబెడతారు. ఆ దొంతర లోపల వేడెక్కుతుంది. మరీ వేడెక్కకుండా విప్పి, తిరగేసి, మళ్ళీ పేరుస్తారు. మన ఆవకాయ జాడీని మూడో రోజున తిరగకలిపినట్టు. ఆ మగ్గడంలో ఆకులో ఘాటంతా అమ్మోనియా అయి బయటికి పోతుంది. తొందరపడి ముందే చుట్టేస్తే ఆ అమ్మోనియా ఆకులోనే ఉండిపోతుంది. పసిపిల్లల పక్కబట్టల వాసన అంటే అదే. "ఆ ముక్క పట్టుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టిందమ్మా," అన్నారాయన.

"నేను నలభై ఏళ్ళు చొక్కాలుతికాను బావగారూ," అన్నారు అత్తగారు.

పెదమావయ్యగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన వ్యాపారం రోజులు చెప్పారు. వాళ్ళ వైపు పండేది వర్జీనియా పొగాకు. దాన్ని బ్యారన్లలో కర్రలకి కట్టి, వేడి గొట్టాల కాకతో పసుపుపచ్చగా ఆరనిస్తారు. అది సిగరెట్లకి పోతుంది. చుట్టకి కావలసింది వేరే, మనవైపు గోదావరి లంకల్లో పండే ముదురు ఆకు. ఏ ఆకైనా గ్రేడింగ్ చేసేది ఆడకూలీలే. వరసగా కూర్చుని, ఆకు రంగు చూసి, వేళ్ళతో తడిమి, ఏ కుప్పలోది ఆ కుప్పలో పడేసేవారట. "వాళ్ళు చెప్పిందాని మీద నేను సంతకం పెట్టేవాణ్ణి. పేరు నాకొచ్చేది," అని నవ్వారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఎనభై రెండేళ్ళ వయసులో ఆ మాట అనగలిగిన మగవాళ్ళు నాకు ఎక్కువమంది తెలియదు.

మరిదికి ఇదంతా పట్టలేదు. వాడి ప్రాణం క్యూబా మీద ఉంది. 1962లో కెనడీ క్యూబాతో వ్యాపారం ఆపించేశాక అక్కడి సిగార్లు అమెరికా కొట్లలో అమ్మకూడదు. కనక ఇది క్యూబాదే అయ్యుంటుందనీ, కస్టమ్స్ వాళ్ళకి తెలియకుండా ఆ పెద్దాయనే ఉంగరం తీసేసి ఉంటాడనీ వాడి సిద్ధాంతం. అపరాధపరిశోధన నవలలకి బాగానే ఉంటుంది.

క్యూబా అనగానే నాకు గుర్తొచ్చేది పొగ కాదు, నవలలు. నవ్వకండి. అక్కడి సిగార్ల ఫ్యాక్టరీల్లో చుట్టేవాళ్ళు బల్లల ముందు కూర్చుని చుడుతూ ఉంటే, ఎత్తైన కుర్చీలో ఒకరు కూర్చుని గొంతెత్తి చదివి వినిపిస్తారు. పొద్దున పేపరు, తర్వాత నవల. హవానాలో 1865లో ఒక ఫ్యాక్టరీలో ఇది మొదలైంది. చదివేవాడికి జీతం ఆ రోజుల్లో యజమాని ఇచ్చేవాడు కాదు, పనివాళ్ళే తలా కాస్తా వేసుకుని ఇచ్చుకునేవారు. డ్యూమా రాసిన కౌంట్ ఆఫ్ మాంటిక్రిస్టో వాళ్ళకి ఎంత నచ్చిందంటే, 1935లో ఒక సిగార్‌కి మాంటిక్రిస్టో అని పేరు పెట్టారు. రచయితకి అంతకన్నా ఏం కావాలి? నా పేరున కనీసం అగరొత్తులైనా రాలేదు.

మన తెలంగాణాలో, నిజామాబాదు, కరీంనగర్, సిరిసిల్ల వైపు ఇళ్ళ ముందు ఆడవాళ్ళు ఒళ్ళో చేట పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుంటారు. వాళ్ళకి కూలి లెక్క వెయ్యి బీడీలకింత. ఒకసారి జగిత్యాల వెళుతూ ఒక అరుగు దగ్గర ఆగాను. నలుగురు చుడుతున్నారు. లోపల టీవీలో సీరియల్ నడుస్తోంది, తలుపు తీసే ఉంది. వాళ్ళు తలెత్తి చూడటంలేదు, వింటున్నారు. వేళ్ళు వేళ్ళ పని చేసుకుపోతున్నాయి. వాళ్ళ అరుగు మీద కూర్చుని నవల చదివి వినిపించమంటే నేను రేపే వెళతాను. జీతం అక్కర్లేదు.

అన్నట్టు, చుట్ట వెలిగించడం చెప్పలేదు కదూ. మూసి ఉన్న చివర టోపీలా అంటించిన ఆకుముక్కని కత్తిరించాలి. మరిది అందుకోసం ఏదో తెచ్చాడు గానీ కనపడలేదు, చివరికి నా గోళ్ళు తీసుకునే కత్తెర పనికొచ్చింది. నిప్పు నేరుగా తగలకూడదట. అగ్గిపుల్ల కాస్త దూరంగా పెట్టి, చుట్టని తిప్పుతూ, అప్పడం కాల్చినట్టు అంచులన్నీ సమంగా కాల్చాలట. పొగ గుండెల్లోకి పీల్చకూడదు. నోట్లో ఉంచుకుని, చప్పరించి, వదిలెయ్యాలి.

మరిది తాగాడు. "మిరియం," అన్నాడు. కాసేపాగి "కాఫీ," అన్నాడు. మావారు గాలిలో పొగని చేత్తో తనవైపు తోసుకుని, హారతి కళ్ళకద్దుకున్నట్టు అద్దుకుని, "బాదంపప్పు కూడా ఉందిరా," అన్నారు. తాగకుండానే పదికి ఎనిమిది మార్కులు వేశారు.

"వదినా, మీరూ ఒక్కసారి చూడండి. రేపు ఏ నవలలోనైనా రాయాల్సొస్తే?" అన్నాడు మరిది.

నేను అత్తగారివైపు చూశాను. "చూడవే, ఏం పోయింది. నలుగురు తిరిగే వీధి కాదుగా," అన్నారావిడ. కందిపప్పు చేట దించలేదు.

ఒక్క గుక్క నోట్లోకి తీసుకున్నాను. నాలుక చివర మిరియం తగిలిన మాట నిజమే. వెనక మాడిన బెల్లప్పాకం, ఆ తర్వాత కాఫీగింజలు వేయించిన మూకుడు కడగకముందు వచ్చే చేదు. అప్పుడు వేడి అంగిట్లోకి ఎక్కింది. చటుక్కున వదిలేశాను.

"ఎలా ఉంది వదినా?"

"వేడిగా ఉంది," అన్నాను. అంతకన్నా అనలేకపోయాను.

మా నాయనమ్మది శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డు పల్లె. ఆవిడ తాగేది అడ్డపొగ. ఆ వైపు తెలియనివాళ్ళకి చెప్పాలి. అడ్డపొగంటే చుట్టకి నిప్పున్న చివర నోట్లో పెట్టుకుని తాగడం. పెదాలు మూసే ఉంటాయి. చూసేవాళ్ళకి నిప్పు కనపడదు. నాట్లు వేస్తున్నా, కుప్ప నూరుస్తున్నా రెండు చేతులూ పనిలోనే ఉండొచ్చు. గాలికి చుట్ట ఆరదు, చినుకుకి తడవదు. చంటిబిడ్డ ఒళ్ళో ఉన్నా నిప్పురవ్వ బిడ్డ మీద పడదు. తొందరగా అయిపోదు కూడా, పొద్దుటిది మధ్యాహ్నం దాకా వస్తుంది. అన్ని సౌకర్యాలూ ఆలోచించి కనిపెట్టినట్టే ఉంటుంది. అంగిలి ఒక్కటీ లెక్కలోకి రాలేదు.

చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళితే నాకు ఆవిడ గారడీదానిలా కనిపించేది. నోరు తెరిచి చూపించమని వెంటపడేదాన్ని. "ఏటే గుంటా, నా నోట్లో నోకాలున్నాయేటే?" అంటూనే తెరిచేది. నాలుక మీద ఎర్రగా నిప్పు. పైన అంగిలి తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉండి, దాని మీద ఎర్రెర్రటి చుక్కలు. అందరు నాయనమ్మల నోళ్ళూ అలాగే ఉంటాయనుకున్నాను.

ఆవిడ చేసిన పులుసులో ఎప్పుడూ ఉప్పెక్కువే. కోడళ్ళు వంటింట్లో గొణుక్కునేవారు. మా అమ్మ మాత్రం, "ఆవిడకి తెలీదర్రా," అనేది మెల్లిగా. ఉప్పు తెలియని ఆ మనిషే, తాతయ్య సంతనుంచి పొగాకు కట్ట తెస్తే ఒక ఆకు చివర తుంచి, వేళ్ళమధ్య నలిపి, ఏ ఊరి ఆకో చెప్పేది. కొట్టువాడు మోసం చేశాడంటే చేసినట్టే. తాతయ్య మారుమాట లేకుండా తిరిగిచ్చి వచ్చేవాడు.

అడ్డపొగ గురించి డాక్టర్లకి తెలియక కాదు. మన రాష్ట్రం పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలికి ఏమవుతుందో 1971లో ఒక వైద్యపత్రికలో ప్రచురించారు. అంగిలికి వచ్చే క్యాన్సరుకి ఈ అలవాటే కారణమని చెప్పారు. నేనది చదివింది పెద్దయ్యాక, ఒక నవల కోసం వెతుకుతుంటే దొరికి. ఆ 10,169లో మా నాయనమ్మ లేదు.

1993లో ఆవిడని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు టార్చిలైటు వేసి చూసి, "ఎప్పట్నుంచి తాగుతున్నావమ్మా?" అని అడిగారు. "పెళ్ళైనకాడ్నుంచీ బాబూ," అంది. పెళ్ళి ఆవిడ పదమూడో ఏట. ఆ తర్వాత మూడు నెలలు గంజి. గంజిలో మా అమ్మ ఉప్పు కొంచెం ఎక్కువే వేసేది.

దాబా మీద ఇవేవీ నేను చెప్పలేదు. మావాళ్ళు అప్పటికి బూడిద దగ్గరున్నారు. చుట్ట చివర అంగుళం పైన బూడిద, తెల్లగా, రాలకుండా నిలబడి ఉంది. లోపల కూరింది పొడి కాదు, నిండు ఆకులనడానికి అదే గుర్తట. మావారు ఉండబట్టలేక షెర్లాక్ హోమ్స్‌ని లాక్కొచ్చారు. 1887లో వచ్చిన హోమ్స్ మొట్టమొదటి నవలలోనే ఆయన గదిలో రాలిన బూడిద చూసి, హంతకుడు తాగింది తిరుచునాపల్లి చుట్ట అని తేల్చేస్తాడు. లండన్‌లో హత్య, మన దక్షిణాది చుట్ట. అందులో బూడిద నల్లగా, రేకులు రేకులుగా ఉంటుందని ఉంది కనక ఇది తిరుచునాపల్లిది కాదని మావారు తీర్పిచ్చారు. ఒక అనుమానితుణ్ణి వదిలేశారన్నమాట.

పెదమావయ్యగారు ఒక గుక్క కూడా తాగలేదు. రాలిన బూడిదని బొటనవేలితో నలిపారు, పైఆకు తునక ఒకటి ఊడితే దాన్ని వెలుగులో పెట్టి చూశారు. "చేత్తో చుట్టిందే, మిషను కాదు. ఆకు ఏడాది పైన మగ్గింది. దేశం నేను చెప్పను. తెలిసీ తెలియకుండా చెప్పకూడదు," అన్నారు. సగం దాటాక చుట్ట చేదెక్కింది. మరిది మొహం మాడ్చుకుని, క్యూబా అని ఎవరైనా అంటారేమోనని చివరిదాకా చూసి, ఆర్పేశాడు.

"మీరు చెప్పండి అత్తయ్యగారూ, ఎన్ని మార్కులు?" అన్నాను.

"రేపు పొద్దున చెబుతాను," అన్నారు.

పొద్దున లేచి, స్నానం కూడా కాకముందే, దండెం మీద వేలాడుతున్న కొడుకులిద్దరి చొక్కాలూ తీసి వాసన చూశారు. తర్వాత నా చీర కొంగు. "పట్టింది. ఎంత మగ్గినా, ఎన్ని పందిళ్ళ కింద పెంచినా బట్టలకి పట్టింది. సున్నా," అని మూడూ కలిపి బకెట్లో పడేశారు. ఇన్ని పరీక్షల్లో నాకు నచ్చిన పరీక్ష అదొక్కటే.

ఆ రాత్రి, అక్కడ తెల్లారే వేళకి మరిది ఆ పెద్దాయనకి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. ఆయన పగలబడి నవ్వాడు. వాళ్ళ ఇంట్లో పెట్టెలో రకరకాల సిగార్లు ఉండేవట. ఐదేళ్ళ మనవరాలు ఎవరూ చూడకుండా పెట్టె తెరిచి, అన్నిటి ఉంగరాలూ ఒకటొకటే ఊడలాక్కుని పది వేళ్ళకీ పెట్టుకుని, పెళ్ళికూతుర్ని అంటూ హాల్లోకి వచ్చిందట. ఏ ఉంగరం దేనిదో ఆయనకీ తెలియదు. మా మరిదికిచ్చింది పెట్టెలో చేతికందినది.

మరిది ఆ రాత్రి పెద్దగా మాట్లాడలేదు. మావారు మాత్రం, బాదంపప్పు వాసన ఇంకా ఏ ఏ దేశాల వాటికి ఉంటుందో ఫోన్లో వెతుకుతూ పన్నెండింటిదాకా కూర్చున్నారు.

మిగిలిన సగం చుట్ట అత్తగారు పారెయ్యలేదు. పాత సీసాలో నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టారు. మర్నాడు వడగట్టి, సబ్బునీళ్ళు కలిపి, కుండీలో మందారానికి పిండినల్లి పట్టిన చోటల్లా చల్లారు. చల్లాక చేతులు మూడుసార్లు కడుక్కున్నారు, నన్ను ఆ దగ్గరికి రానివ్వలేదు. నాలుగు రోజుల్లో కొమ్మ చివర్లు తేటబడ్డాయి. సీసాలో ఇంకా కాస్త మిగిలింది. పిల్లలు తాగుతారేమోనని దాని చుట్టూ కాగితం అంటించి, దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, అటకమీద పెట్టారు. "చుట్ట నీళ్ళు. విషం."